ఎడమ బుగ్గ మీద మచ్చ

విక్స్‌బర్గ్, మిసిసిపీ
1883, ఏప్రిల్ 9

పాస్టరు గారికి, అక్కడ టెక్సాసు దాకా వినపడేంత సంతోషంతో ఈ ముసలివాడు రాసుకునేది.

మా వైనీ నిన్న మధ్యాహ్నం రైలు దిగిందయ్యా! ఎనిమిదేళ్ల పిల్లను దొర నా చేతుల్లోంచి లాగి అమ్మేశాడు. ఇరవై ఎనిమిదేళ్లయింది. బానిసత్వం పోయిన నాటి నుంచీ వెతుకుతూనే ఉన్నాను. పత్రికలో నేను వేయించిన ప్రకటన మీరు చర్చిలో పైకి చదవకపోతే, ఈ కళ్లు నా బిడ్డను చూడకుండానే మూతపడేవి.

ఎడమ బుగ్గ మీద కాలిన మచ్చ ఉంటుందని అందులో రాయించాను కదా. అది విని వైనీ లేచి వస్తే, "నీకు కుడివైపుందే తల్లీ" అన్నారట మీరు. "నాన్న నన్ను ఎదురుగా నిలబెట్టుకుని మొహం కడిగేవాడండీ. ఆయనకు అటే ఎడమ" అందట అది. మీరు నవ్వి, ఆ పూటే నాకు ఉత్తరం రాశారు. ఇంకొకరైతే పొమ్మనేవారు. మీ మేలు ఎలా మరిచేది?

రాగానే నన్ను దెప్పింది. "కుడి ఎడమలు తెలియని నాన్న దొరికాడే నాకు!" ఎంత హాయిగా ఉందో ఆ మాట!

ఇప్పుడు నా ఎదురుగా కూర్చుని మొక్కజొన్న రొట్టె తింటోంది. మళ్లీ చూసుకున్నాను పాస్టరు గారూ. మచ్చ ఎడమవైపే ఉంది.

మిమ్మల్ని తలచుకోకుండా ముద్ద ముట్టని,
వైనీ నాన్న