అత్తమ్మ పెట్టిన బొట్టు

డేవిడ్,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున మీ అమ్మా నేనూ నారాయణగూడ సమాధుల తోటకు వెళ్లి నీకు పూలు పెట్టి వచ్చాం. ప్రార్థన అయ్యాక అత్తమ్మ పర్సులోంచి బొట్టుబిళ్లల అట్ట తీసింది. పెళ్లైన కొత్తలో చర్చి మెట్ల మీద నా బొట్టు తుడిపించిన మనిషి.

"వాడు పోయిన నాడు మీ అమ్మ నీ బొట్టు తీపిచ్చింది. మా దాంట్ల గట్ల లేదు బిడ్డా. అప్పుడు నేను తుడవమన్నది తప్పే," అని తనే నా నుదుట అతికించింది.

సాయంత్రం చిక్కడపల్లి నుంచి మా అమ్మ వచ్చింది. గుమ్మంలోనే నా ముఖం చూసి, "నలుగురు ఏమనుకుంటరే? తియ్యి జర," అంది. నేను తియ్యలేదు. చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

తొమ్మిదేళ్లు ఈ ఇద్దరికీ నువ్వే సర్దిచెప్పావు. ఒక్క ఏడాదికే నాకు ఓపిక అయిపోయింది. అమ్మ వెనక పరుగెత్తలేదు. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను.

రేపు అశోక్ నగర్ ఎస్టీడీ బూత్‌లో పొద్దుటి డ్యూటీ. బొట్టుతోనే వెళ్తాను. ఎవరైనా అడిగితే, మా ఆయనకిష్టమని చెప్తాను.