తువ్వాలు కింద బేరం

నాన్నా, నువ్వు వెళ్లిపోయి ఇవాళ్టికి ఏడాది. అమ్మ చేసిన పని నీకు చెప్పాలి.

తన రొమ్ములో గడ్డ గురించి నాక్కూడా చెప్పకుండా ఫోన్లో వెతుక్కుంది. మర్నాడు ఇంట్లో అందరి ఫోన్లలోనూ క్యాన్సర్ ఆసుపత్రుల ప్రకటనలే. ఎవరు వెతికారని అడిగితే అమ్మ తలెత్తలేదు. మనం ఏం చూస్తున్నామో ఇంటికి వైఫై ఇచ్చే నెట్ కంపెనీ కనిపెట్టి ప్రకటనలవాళ్లకి అమ్ముతోందని అప్పుడు తెలిసింది.

చిలకలూరిపేటంతా తిరిగి, అది ఆపమని సంతకాలు పోగేసి ఆ నెట్ కంపెనీ ఆఫీసుకి వెళ్లాం.

"తప్పు చెయ్యనప్పుడు దాపరికమెందుకండీ?" అన్నాడు మేనేజరు.

అమ్మ సంచిలోంచి నీ తువ్వాలు తీసి చేతిమీద కప్పుకుంది. "మా ఆయన మిర్చి యార్డులో దీని కిందే వేళ్లు పట్టుకుని ధర చెప్పేవారు, పక్కవాడికి తెలియకుండా. ఆయనేమన్నా దొంగా?"

నిన్నటి నుంచి ఆపేశారు నాన్నా, ఊరు మొత్తానికి.

గడ్డ ప్రమాదం లేనిదేనట. ఈసారి ఆ మాట నాకు అమ్మే చెప్పింది.