కుస్కోలో కాకులు లేవు

అన్నయ్యా, వదినా, నేను బాగానే ఉన్నాను. ఫోనులో చెప్పబోతే ఏడుపొస్తోందని కార్డు రాస్తున్నాను.

బొమ్మలో ఉన్నది మా వీధి గోడ. ఇన్కా రాజుల నాటిది. సున్నం లేకుండా పేర్చిన ఆ రాళ్ళ మధ్య కత్తి మొన కూడా దూరదు. ఆ గోడ వెనకే నేనుండే ఇల్లు. అమ్మ పోయినప్పుడు రాలేకపోయాను కదా, పదోరోజున అన్నం ముద్ద చేసి మేడ మీద పెట్టాను. మధ్యాహ్నం దాకా చూసినా కాకి రాలేదు. ఈ దేశంలో అసలు కాకులే ఉండవని ఇల్లు అద్దెకిచ్చినావిడ చెప్పింది. పూర్వం ఇక్కడ చనిపోయిన రాజుల దేహాలను చెడకుండా దాచి, పండగలకు బయటికి తెచ్చి, ఎదురుగా కూర్చోబెట్టుకుని భోజనం పెట్టేవారట. విన్నాక నాకు వాళ్ళ మీద కుళ్ళు పుట్టింది.

నా మేనకోడలు పావనికి జ్వరం తగ్గిందా? వదినా, అమ్మ నేతచీర ఒకటి నాకోసం ఉంచు. ఉతకొద్దు.

అన్నయ్యా, వచ్చే మాసికానికి కోటిలింగాల రేవులో నా పేరున కూడా ఒక ముద్ద పెట్టు. ఇంత ఎత్తు ఊళ్ళో అన్నం సరిగా ఉడకదని తెలిసి, "కుక్కరు కొనుక్కోవే తల్లీ" అని అమ్మ చివరిసారి ఫోనులో కూడా పోరింది. కాకి ముట్టకుండా దూరంగా కూర్చుంటే, హారతి కుక్కరు కొనుక్కుందని చెప్పు. ఈ ఆదివారమే కొంటాను.

మీ హారతి