చక్రం కింద చెక్క

ఏమండీ,

మన పాత వ్యానుకు నిన్న కొత్త బ్రేకులు వేయించినాము. మీరు జ్వరంతో పోయి రేపటికి ఏడాది. అప్పట్నుంచీ మీ తమ్ముడు తోలుతున్నాడు, పక్కన నేనే పోతున్నాను. గేర్లతో ఎట్లాగో ఆపినా, విడవలూరు దారిలో కాలవ వంతెన ఎత్తు మీద బండి వెనక్కి జారేది గదా. మీరున్నప్పటి మాదిరే నేను దిగి చక్రం కింద చెక్క పెట్టాల్సిందే.

మొగుడు పోయిన మనిషి బియ్యం బస్తాల బండెక్కి ఊళ్లు తిరుగుతుంటే నలుగురూ ఏమనుకుంటారని అత్తే పట్టుబట్టి బండిని షెడ్డుకు పంపింది. నేనూ వెంట పోయినాను.

ఉప్పుగాలికి తుప్పుపట్టిన గొట్టాలూ, అరిగిపోయిన బ్రేకు లైనింగులూ మెకానిక్ మస్తాన్ భాయ్ ఊడదీసి పక్కన పడేసినాడు. బ్రేకులు ఇంత పాడైనాయని మీకు ముందే ఎందుకు చెప్పలేదని అడిగినాను.

"చెప్పకేం. లైనింగులు తెప్పించి కూడా పెట్టినాను. 'బ్రేకులు బాగుంటే మా అమ్మ మా ఆవిడను బండెక్కనివ్వదు, ఉండనీ భాయ్' అన్నాడమ్మా."

బ్రేకులు వేయించడానికి బద్ధకమని నేను సణిగితే మీరు నవ్వి ఊరుకునేవారు.

ఈ పొద్దు వంతెన మీద ఆపి చూసినాము. బండి కదల్లేదు. నేను అలవాటుగా చెక్క పట్టుకుని దిగినాను.

"ఇంక అక్కర్లేదులే వదినా" అన్నాడు మీ తమ్ముడు.

రేపట్నుంచి అతనొక్కడే పోతాడు. చెక్కను అత్త పొయ్యి పక్కన పడేసింది. నేను తీసి మన మంచం కింద పెట్టుకున్నాను.