మొహం చూపించి వచ్చేస్తాను

చెల్లీ,

ఆదివారం అమ్మ పోయినప్పటి నుంచి నువ్వు కడుపునిండా తినలేదు. వంట చేసి మూత పెట్టాను, చల్లారకముందే తిను. అమ్మ మంచం అద్దెకిచ్చినవాళ్లు రేపు పొద్దున వస్తారు. అది గుమ్మంలో ఇరుక్కుంటుంది, కాళ్లు విప్పి తీసుకెళ్లమను. మిగిలిన మాత్రలు మందుల షాపాయన వెనక్కి తీసుకుంటానన్నాడు.

నువ్వు ఈ మధ్యాహ్నపు కునుకు లేచేసరికి నేను విమానాశ్రయంలో ఉంటాను. నాకు నివాస కార్డు ఇచ్చిన దేశంలో ఏడాదికోసారైనా అడుగుపెట్టకపోతే ఆ కార్డు రద్దవుతుంది. గడువు శుక్రవారం. రిటైరయ్యాక పనికొస్తుందని తీసుకున్న కార్డు. పోతే పోనీ అనుకుందామని చూశాను, చేతకాలేదు. సెలవు చాలక బడిలో ఒంట్లో బాగాలేదని చెప్పాను. ఎవరైనా ఫోన్ చేస్తే నా కోసం నువ్వు అబద్ధం ఆడనక్కర్లేదు.

"ఏడాదికోసారి మొహం చూపిస్తే చాలనే దేశం! నీకు భలే కుదిరిందక్కా" అన్నావు నిన్న. నాకు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే కోపానికి చోటు కనబడలేదు. ఒకే ఇంట్లో ఉండి కూడా నేను గుమ్మంలోంచే "బడికి వెళ్లొస్తానమ్మా" అనేదాన్ని. అమ్మ ఒళ్లు తుడిచిందీ, పక్క మార్చిందీ, విసుక్కుంటే పడిందీ నువ్వు. అయినా ఆవిడ "పెద్దదానికి పని ఎక్కువే పాపం" అని నన్నే వెనకేసుకొచ్చేది. అది నీ ఎదుటే అనేది. నేను వింటూ చెప్పులు వేసుకునేదాన్ని.

వచ్చే బుధవారం వచ్చేస్తాను.

అక్క

మరిచాను, రెండో తాళంచెవి పక్కింటి పిన్నిగారి దగ్గర ఉంది. అమ్మ పోయాక నీ పక్కన నేనింకా కూర్చోనే లేదు.