ఎండిన వరి కోసిన సంగతి

గట్క ఉట్టి మీద ఉంది, తిను. ధరణికి తినిపించి పక్కింటి బషీరున్నీసమ్మ దగ్గర ఆడుకోనీకి వదిలిన, రాంగనే తెచ్చుకో. బర్రెకు నీళ్లు పెట్టు. మేత వెయ్యకు, నిండుగా తిన్నది.

నేను శామీర్‌పేట ఆఫీసుకు పోతున్న. నువ్వు తెల్లారకముందే దుండిగల్ కూలికి పోయినవు. నువ్వు పోయినంక, పంట నష్టం సబ్సిడీ రాసుకునేటోళ్లు వచ్చిండ్రు. వాళ్లు చూసేదాకా మడిలో ఒక్క పోచ ముట్టొద్దని నువ్వు చెప్పినవు. పద్దెనిమిది రోజులు ముట్టలేదు. కళ్ల ముందర ఎండిన వరి పెట్టుకుని బర్రె ఆకలికి అరుస్తుంటే నిన్న పొద్దుగూకంగ నా చెయ్యి ఆగలేదు. నువ్వొచ్చేలోపు ఆ చిన్న మడి మొత్తం కోసిన.

వాళ్లకు మడిలో కొయ్యకాళ్లే కనపడ్డయి. గడ్డికుప్ప చూపించిన. "కోసుకున్నరంటే పంట చేతికొచ్చినట్టే గదమ్మా, ఇగ నేనేం రాయాలె" అన్నడు సారు. కంకులు నలిపి తాలు చూపిస్తే తల తిప్పుకున్నడు.

రెండు పనలు సంచిలో పెట్టుకుని పోతున్న. ఒప్పుకుంటరన్న ఆశ నాకైతే లేదు. వాళ్లను రప్పించనీకి నువ్వు ఆరుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగినవు. నేను ఒక్క పూట ఓపిక పట్టలేకపోయిన. తిట్టాలనుంటే నన్ను తిట్టు, బర్రెను కొట్టకు.

రాత్రే ఎందుకు చెప్పలేదని అడుగుతవు. నిన్న రాత్రి బర్రె అరవలేదు. చాలా రోజులకు నువ్వు కంటినిండా నిద్రపోయినవు. లేపబుద్ధి కాలేదు.