గాలికి ఎదురు దారి

ప్రియమైన మనవరాలికి,
నీ ఉత్తరం అందింది. తప్పులు దిద్దాను, చేతిరాత మాత్రం నా వల్ల కాలేదు. సముద్రంలో గాలిమరలు ఎక్కడ నిలబెట్టాలో గీసే పని నీకే అప్పగించారని మీ నాన్నకు చదివి వినిపించాను. "దారి ఉంటుందా?" అని ఒక్క ముక్క అడిగి వెళ్లిపోయాడు. సముద్రంలో చిక్కుకున్నవాళ్లను ఒడ్డుకు తెచ్చే పడవ నడిపేవాడు, అడగడూ? వివరంగా రాయి. మాటలు మింగకు.
మీ నానమ్మ

ప్రియమైన నానమ్మకు,
దారి ఉంది, కంగారు పడకు. సాఫ్ట్‌వేర్‌లో మరకూ మరకూ మధ్య దూరం చెబితే చాలు, గళ్ల కాగితం మీద చుక్కల్లా అన్నీ వరసగా నిలబడతాయి. కాకపోతే ముందున్న మర గాలి మింగేస్తే వెనకదానికి మిగలదు. అందుకే వరస విడిచి వరసను సగం గడి పక్కకు జరిపాను. కరెంటు పెరిగింది, మేనేజరు మురిసిపోయాడు. గాలికి అడ్డంగా పోయే దారులు తిన్నగానే ఉన్నాయి. నాన్న ఫోను ఎత్తడం లేదేం?
నీ మనవరాలు

ప్రియమైన మనవరాలికి,
అడ్డంగా దారి ఉందని ఎంత నిబ్బరంగా రాశావే! తుఫానులో పడవ ముక్కు గాలికి ఎదురుగా ఉండాలి. పక్కకు తిరిగితే అల బోర్లా కొడుతుంది. పడవవాడి కూతురివి, ఇదెలా మరిచావు? వరసలు జరిపి ఆ ఎదురు దారినే మూసేశావు.
మీ నాన్న ఏ మొహంతో ఫోను ఎత్తుతాడు? మీ కంపెనీవాళ్లు పిలిచి అడిగితే, నువ్వు గీసిన పటం చూసి కూడా, "మాకేం ఇబ్బంది లేదు" అని పడవలవాళ్లందరి తరఫునా చెప్పి వచ్చాడట. నీ ఉద్యోగానికి అడ్డు రాకూడదని!
మీ నానమ్మ

ప్రియమైన నానమ్మకు,
జరిపిన వరసలన్నీ వెనక్కి లాగాను. కరెంటు తగ్గింది. "పడవలవాళ్లే ఒప్పుకున్నాక నీకెందుకమ్మా? రేపు మీటింగులో కంపెనీ పెద్దల ముందు నువ్వే చెప్పుకో," అన్నాడు మేనేజరు. నాన్ననూ పిలిచారు. ఆయన మళ్లీ అదే మాట అంటే, నలుగురిలో లేచి, ఈయన మా నాన్న, నాకోసం అబద్ధమాడుతున్నారు అనాలి. నోరు పెగులుతుందో లేదో. ఉద్యోగం సంగతి సరే, ఆయన మొహం ఎలా చూడను?
నీ మనవరాలు

ప్రియమైన మనవరాలికి,
నీ ఉత్తరం కన్నా ముందే మీ నాన్న ఆ మీటింగు నుంచి నేరుగా వచ్చాడు. "నీ మనవరాలు నలుగురిలో లేచి నన్ను అబద్ధాలకోరును చేసింది!" అని వీధి వీధంతా వినేలా అరిచాడు. "చేసేదేముంది, అయ్యావుగా," అన్నాను. అరిచి అరిచి నీళ్లు తాగాడు. తర్వాత బల్ల మీద నీళ్ల చుక్కలు వరసగా పెట్టి, వాటి మధ్యనుంచి వేలు మెల్లగా పోనిచ్చాడు.
"చూడమ్మా, ఎక్కడా ముక్కు తిప్పక్కర్లేదు," అన్నాడు.
మీ నానమ్మ